వరస

జూలై అంటే ఇక్కడ చలికాలం.
పరానా నది మీంచి లేచిన పొగమంచు
మునిసిపాలిటీ మైదానం కంచె దాటి
ఎవరినీ అడక్కుండా
మొదటి వరసలో పడుకుంటుంది.
దానికొక్కదానికే ఆ చనువు.

రొసారియోలో ఈ ఎర్రట్రాకుకి ఎనిమిది వరసలు.
రాత్రంతా రొట్టెల బట్టీ ముందు నిలబడి
తెల్లారి అయిదున్నరకి వస్తాను నేను,
చెవుల వెనక పిండి కడుక్కోకుండానే.
నాది ఆరో వరస.
ఎవరూ ఇచ్చింది కాదు, నా ఆయాసమే చెప్పింది.

లోపలి వరస గడియారంతో పోట్లాడేవాళ్లది.
నడిచేవాళ్లు బయటికి, కబుర్లవాళ్లు ఇంకా బయటికి.
ఆగాలనిపిస్తే ముందు వెనక్కి చూడు,
పక్కకి జరుగు,
ఆ తర్వాతే రొప్పు.
వెనక నుంచి ‘పిస్తా!’ అని కేక వస్తే
తినేదనుకోకు, దారి అడుగుతున్నారు.
కోపం కాదది, మర్యాదే.
‘దయచేసి’ అనేందుకు వాళ్ల దగ్గర గాలి మిగలదు.

ఇవేవీ బోర్డు మీద లేవు.
నేను నేర్చుకున్నది మోకాళ్ల మీద.
వచ్చిన మొదటి వారం, సరిగ్గా మొదటి వరసలో,
లేసు కట్టుకుందామని వంగాను.
నాలుగొందల మీటర్ల పిల్ల లుద్మిలా
నా మీంచి దూకింది.
ఆమె మేకుల బూటు నా టోపీని పట్టుకుపోయింది.
తిట్టలేదు.
కోచ్ అన్సెల్మో మాత్రం స్టాప్‌వాచీ వంక ఒకసారి చూసి
దాన్ని కోటు జేబులో వేసుకున్నాడు.
అంత చిన్న చప్పుడు అంతసేపు వినపడుతుందని
నాకు అప్పటిదాకా తెలీదు.

అందుకేనేమో, నెలీదా వచ్చినప్పుడు
అందరికంటే పెద్ద నోరు నాదే.

అందరం ఎడమకి తిరిగేచోట
ఆవిడ ఒక్కతే కుడికి.
అరవై తొమ్మిదేళ్లు, చంకలో ఫ్లాస్కు,
చేతిలో మాతే కషాయం బుర్ర,
దారి తప్పిన బస్సులా ఎదురొస్తోంది.
‘పిస్తా!’ అన్నాడొకడు.
‘పిస్తా!’ అన్నారు ముగ్గురు.
‘ఏమిటమ్మా ఈ వరస!’ అని నేను అరిచాను.
ఆవిడ తలూపి, నవ్వి,
నా భుజం రాసుకుంటూ వెళ్లిపోయింది.

పొగరనుకున్నాం, ఎనిమిది రోజులు.

తొమ్మిదో రోజు నీళ్లు తాగుతూ
లుద్మిలా ఆవిడ పక్కన కూర్చుంది.
తన గొంతు తనకే తెలియని గట్టితనంతో
ఆవిడ చెప్పింది మైదానమంతా విన్నాం:
ముప్ఫై ఒక్కేళ్లు నేత మిల్లులో పని.
జీతం ఇచ్చి, చెవులు రెండూ ఉంచేసుకున్నారు.
వెనక నుంచి వచ్చేదేదీ ఇక తెలీదు,
అందుకని ముందు నుంచి రానిస్తోంది.

ఎవరం ఏమీ అనలేదు.
కొందరం లేసులు విప్పి మళ్లీ కట్టుకున్నాం.
మర్నాడు అన్సెల్మో
ఎనిమిదో వరసలో, మలుపు దగ్గర,
సుద్దముక్కతో ఒక బాణం గీశాడు,
మేం పరుగెత్తే వైపుకి ఎదురుగా.
వానొస్తే పోతుంది. మళ్లీ గీస్తాడు.
అతను రాని రోజు లుద్మిలా గీస్తుంది, వంకరగా.
ఆ వరసలో కేకలు చెల్లవు, చెయ్యెత్తాలి.
నేను పిండి చెయ్యి ఎత్తుతాను,
ఆవిడ మాతే బుర్ర ఎత్తుతుంది.

నిన్న కొత్త కుర్రాడొకడు
చెవుల్లో పాటలు పెట్టుకుని
మొదటి వరసలో ఫోను చూస్తూ నిలబడ్డాడు.
లుద్మిలా మలుపు తిరిగింది.
అరిచాం. వాడికి వినపడలేదు.
నెలీదాకీ వినపడలేదు,
కానీ మా మొహాలు కనపడ్డాయి.
ఏడు వరసలు అడ్డంగా దాటి
(దాటకూడదు, తెలుసు)
మిల్లులో కొత్తపిల్ల జడ మరలో పడబోతే లాగినట్టు
వాణ్ణి మోచెయ్యి పట్టి గడ్డిలోకి లాగింది.

లుద్మిలా వేగం తగ్గలేదు.
మాటకి గాలి చాలక
చెయ్యి మాత్రం ఎత్తింది.