గురువారం ఇసుక

నాకు పిల్లల గురించి పెద్దగా తెలియదు.
ఐదింటికి అందరూ వెళ్లాక
ఆ గది ఊడవడమే నా పని.
వాల్పరైసో కొండల మీద ఏ ఇల్లు ఊడ్చినా
చేటలోకి కాస్త సముద్రం వస్తుంది.
ఈ గదిలో మాత్రం ఇసుక.

ఊయలంత చెక్కపెట్టె, దాన్నిండా ఇసుక.
గోడవార అరల్లో ఆవులు, అంబులెన్సులు,
కాలు విరిగిన రాణి, చిన్న శవపేటిక కూడా.
"అదెందుకమ్మా పిల్లలకి?" అన్నాను మొదటిరోజు.
"అది వెతుక్కునేవాళ్లు వస్తారు ఎర్మెలిందా"
అంది హిమేనా డాక్టరు.

గురువారాలు అన్సెల్మోవి.
ఏడేళ్లవాడు.
వేసవిలో పైకొండ తగలబడినప్పుడు
వాడి ఇల్లూ అందులోనే పోయింది.
మాట పోలేదు వాడికి. రొట్టె కావాలంటాడు, చలేస్తోందంటాడు.
ఆ రాత్రి ఊసే ఎత్తడు.

ఎత్తనిదంతా సాయంత్రం నా చీపురుకి తగుల్తుంది.
ఎర్ర ఫైరింజను తలకిందులుగా పూడ్చి ఉంటుంది,
చక్రాలు పైకి,
వెల్లకిలా పడ్డ పురుగు కాళ్లలా.
బల్లకోడుకి కట్టేసిన ప్లాస్టిక్ కుక్క.
ముడి మీద ముడి, దాని మీద ముడి.
తీసేద్దామని ఒకసారి గోరు పెట్టాను.
"వద్దు, అది వాడి ముడి" అంది హిమేనా
దీపం ఆర్పబోతూ.

వారం తర్వాత వారం
అదే ఇంజను, అదే గొయ్యి.
నిజం చెప్తున్నా, నాకు విసుగొచ్చింది.
మందు లేదు, మాత్ర లేదు, ఇదేం వైద్యం?
అంత చదువుకున్న మనిషి నేలమీద చతికిలబడి
"కుక్కని కట్టేశావు" అంటుంది,
ఎందుకని అడగదు.

తొమ్మిదో గురువారం తండ్రిని రమ్మన్నారు.
లియోన్సియో, రేవులో క్రేను నడుపుతాడు.
గదులంత పెట్టెల్ని గాల్లో తిప్పే చేతులు
ఆ బుల్లి కుర్చీలో ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
తల్లి రొసౌరా వసారాలో నా పక్కనే,
కోటు విప్పకుండా నిలబడింది.
తలుపు సందులోంచి వాడి గొంతు:
"నువ్వు కుక్కవి."

కాసేపు ఏమీ లేదు.
తర్వాత ఒక మొరుగు.
నాకు నవ్వొచ్చింది. రొసౌరాకి రాలేదు.
మొరుగు సన్నబడి మూలుగైంది,
మూలుగు ఇంకేదో అయింది.
"కట్టేసింది నేనురా.
నువ్వనుకుంటున్నావేమో. కాదు. నేనే.
ఆ రాత్రి మొరుగుతోందని నేనే కట్టేశాను."

బాల్చీలో నురగ ఆరిపోయేదాకా
లోపల చప్పుడు లేదు.
రొసౌరా ఆసరాకి నా చీపురు పట్టుకుంది.

ఆ సాయంత్రం నేలమీద తాడు దొరికింది.
ఎవరూ కోయలేదు, అన్ని ముడులూ విప్పారు.
విప్పినా తిన్నగా సాగలేదు,
ఎక్కడెక్కడ ముడుండేదో అక్కడల్లా మెలిక.
ఏ అరలో పెట్టాలో తెలియక
జేబులో వేసుకున్నాను.

అంతటితో బాగైపోయాడని చెప్పను.
తర్వాతి వారం ఇంజను మళ్లీ గోతిలోనే.
ఒక గురువారం తండ్రి రాలేదు,
ఓడ ఆలస్యమైందన్నాడు.

చలికాలం చివర్లో
తలుపు తోసుకుని వసారాలోకి వచ్చాడు అన్సెల్మో,
చేతిలో ఇంజను, చక్రాల్లో ఇసుక.
నా బాల్చీ ముందు గొంతుక్కూచున్నాడు.
"ఆ రోజు దీంట్లో నీళ్లు లేవు"
అన్నాడు బాల్చీతో.
ముంచాడు. నింపాడు. పరిగెత్తాడు.
దారంతా సబ్బునీళ్లు,
పెట్టెలో ఇసుకంతా బురద,
అప్పుడే తుడిచిన నేల!

నా నోరు ఊరుకుంటుందా.
"దొంగవెధవా, ఇదంతా ఎవరు తుడుస్తార్రా, మీ తాతా?"

రొసౌరా ఊపిరి బిగబట్టింది.
వేసవి నుంచీ వాణ్ణెవరూ తిట్టలేదట.
ఇంట్లో, బళ్లో, చర్చిలో
అందరూ గుడ్డుని పట్టుకున్నట్టే పట్టుకున్నారు.

వాడు నాకేసి చూశాడు.
ఊడిన రెండు పళ్ల ఖాళీ కనిపించేలా నవ్వాడు.
ఇంకో ఇంజనుకి నీళ్లు కావాలన్నాడు.

ఇచ్చాను,
తిడుతూనే.