కింది అర

కరకంబాడి రోడ్డులో మా షెడ్డు.
రేకుల కింద మూడు అరలు.
పై అరలో సీలు తియ్యని టిన్నులు,
నడిమి అరలో ఆ వారం వాడేటివి,
కింది అరలో
ఎప్పుడు తెరిచినారో ఎవురికీ తెలీని సగం టిన్నులు.

ఆ పొద్దు కిందికి వంగింది నేనే.

కార్తీకం. మూడు దినాలుగా ముసురు.
కొండ మింద మబ్బు దిగి కూచోనుండాది.
దొరసామి టవేరా నిలబెట్టి, తాళంచెవి వేలికి తిప్పతా
"బ్రేకాయిలు రవంత తగ్గినట్టుంది, పోసెయ్ అబ్బోడా,
సేలం పార్టీ కాసుకోనుండారు" అన్నాడు.
చెంగల్రాయన్న టీకి పోయుండాడు.

బానెట్టు ఎత్తితే
డబ్బీలో అడుగు గీత కింద కాపీ డికాషను రంగు.
మూత మింద అచ్చు: డాట్ నాలుగు.
నా చేతిలో టిన్ను మింద
జిడ్డు వేళ్ళు తుడిచేసిన అంకె, మూడో, ఐదో.
నూనెలో నూనె కలిస్తే ఏమవుతాది?
సాంబారన్నంలో రసం పోసుకోమా?
పోసేసినా.
మూత బిగించి, గుడ్డతో తుడిచి,
"రైట్ పో" అని బానెట్టు మింద రెండు దెబ్బలు గూడా వేసినా.

రాత్రి తొమ్మిదిన్నరకి బండి తిరిగొచ్చింది
ఇంకో బండి వెనక, తాడు కట్టుకోని.
ఎడమ పక్క రేకంతా పిట్టగోడ సున్నం.

దిగేటప్పుడంట. ఏడో మైలు దాటినాక,
మలుపు మలుపుకీ తొక్కి తొక్కి,
ఒక తొక్కుడికి పెడలు
బురదలో కాలు పెట్టినట్టు అడుగంటా దిగిపోయిందంట.
మూడోది, రెండోది, ఒకటోది,
గేర్లు ఏడస్తా పడినాయంట.
హ్యాండుబ్రేకు చేతికొచ్చేలోగా గోడకి రాపిచ్చి నిలిపినాడంట.
ఎవురికీ ఏమీ కాలేదు.
గుండు మింద గంధం ఆరని ఒక బిడ్డ మాత్రం
"ఎన్నాచ్చు? ఎన్నాచ్చు?" అని
అలిపిరి దాకా అడగతానే ఉండిందంట.

చెంగల్రాయన్న తిట్టలేదు.
తిట్టుంటే బాగుండు.
పంపు స్టవ్వు వెలిగించి రెండు గరిటెలు పెట్టినాడు.
ఒకదాంట్లో ఆ బండిలోంచి దించింది,
ఒకదాంట్లో పై అర టిన్నుది.
మొదటిది కాసేపటికే బుడబుడ.
రెండోది కదల్లేదు, నిద్రపోయే పామట్ల.

"దీన్ని నూనె అంటాం గానీ నూనె కాదురా.
నూనె నీళ్ళని తోస్తాది, ఇది తాగతాది.
మూత తీసిన పొద్దు నుంచి గాలిలో తేమని
గుటక గుటక తాగతానే ఉంటాది.
కొండ దిగేటప్పుడు వేడెక్కితే
ఆ నీళ్ళు ఆవిరి. ఆవిరిని తొక్కితే ఏముంటాది, గాలి."

టిన్ను వాసన చూసినాడు.
"మూడే. బతికినావు.
మూడూ నాలుగూ ఒకింటోళ్ళు, కలిస్తే కొట్టుకోరు,
కాకుంటే పెద్దోడి సత్తువ చిన్నోడి కాడికి దిగతాది.
ఐదు పాయింటు ఒకటి గూడా ఆ ఇంటోడే.
ఉట్టి ఐదు సిలికాను, వాడి పొత్తు వద్దు.
ఇంజనాయిలు పోసేవోళ్ళనీ చూసినా,
లోపల రబ్బర్లు పూరీల మాదిరి పొంగతాయి."

అంతే. ఆ తర్వాత మాటల్లేవు, మూడు మాటలు తప్ప.
"తొక్కు."
"పట్టు."
"వదులు."
ఎడమ పక్క వెనక చక్రం ముందు.
నేను సీట్లో, ఆయన కింద, గొట్టం సీసాలో.
డికాషను, బుడగలు, మళ్ళీ డికాషను,
పన్నెండు దాటినాక
నాలుగో చక్రం కాడ తేనె రంగు దిగింది.
కాలి కింద పెడలు రాయట్ల నిలబడింది.

దొరసామి ఆ సున్నం గీతలకి ఇంతవరకూ రంగు వేయించలేదు.
అడిగితే "ఉండనీలే" అంటాడు.

ఇప్పుడు టిన్ను తెరిస్తే తేదీ రాస్తా.
మిగిలింది, ఎంత మిగిలినా,
ఇంకో బండికి పొయ్యను.
కింది అరలో చెంగల్రాయన్న చెప్పులు పెట్టుకుంటాడు.
వానపడితే గొడుగు గూడా.