ఫెర్రీ అవతలి ఒడ్డు తగిలేలోపు

నా పాఠానికి గదీ లేదు, నల్లబల్లా లేదు.
ట్రోమ్సోకి తూర్పున
ఫ్యోర్డు దాటించే ఫెర్రీ ఒకటుంది.
ఇరవై రెండు నిమిషాలు.
నాలుగేళ్ల పరిశోధన
ఆ ఒడ్డు తగిలేలోపు
ఎవరికో ఒక్కరికి అందాలి.
అంతే పరీక్ష.

ముప్పై ఏళ్లు రేడియోలో
సముద్రం మీది వాతావరణం చదివినదాన్ని.
నా మాట తడబడితే
ఎక్కడో ఒక పడవ తడబడుతుందని తెలిసినదాన్ని.
అందుకే విశ్వవిద్యాలయం వాళ్లు పిలిచారు,
"మా పిల్లలకి మాట్లాడటం నేర్పండి" అని.
పిల్లలు!
ఒక్కొక్కరికీ ముప్పై దగ్గర పడ్డాయి.
మాట్లాడటం వాళ్లకి రాకేం,
ఒకరితో ఒకరు గంటలకొద్దీ మాట్లాడుకుంటారు.
మధ్యలో బయటివాళ్లొచ్చి కూర్చుంటేనే
గొంతుకి గడియ పడుతుంది.

ముందు ఎస్కిల్ వెళ్లాడు.
మంచుచరియలు ఎప్పుడు జారతాయో లెక్క కడతాడు.
లారీ డ్రైవరు ఎదుట నిలబడి
"అరేఖీయ సమీకరణాలు" అన్నాడు.
డ్రైవరు మర్యాదగా తలూపి
వాఫుల్ కొనుక్కోవడానికి లేచాడు.
మళ్లీ రాలేదు.
నారికేళపాకమైనా పరవాలేదు నాయనా,
పగలగొట్టే ఓపిక జనానికి ఉంటుంది,
లోపల కొబ్బరుందని వాసనైనా తగలాలి కదా.
పైగా ఆ మనిషి రోజూ లారీ తోలేది
ఆ చరియల కింది దారిలోనే!

తర్వాత సున్నివా.
రాత్రంతా కాగితం దిద్దుకుంది.
నేను కొట్టేసిన మాటల్ని
మళ్లీ పక్కన రాసుకుంది.
"ఒక్కో మాటా తీసేస్తుంటే
అబద్ధం వైపు ఒక్కో మెట్టు దిగుతున్నట్టుంది" అంది.
దానికి నా దగ్గర జవాబు లేదు.
ఇప్పటికీ లేదు.
'సుమారుగా' అనే చిన్న మాట వెనక
ఆమె రెండు చలికాలాలు
సూక్ష్మదర్శిని మీద వంగి కూర్చుంది.
నేను దాన్ని
ఎర్రసిరాతో ఒక్క గీతలో.

కిటికీ పక్క బెంచీ మీద
బోర్గిల్ అనే పెద్దావిడ మేజోడు అల్లుతోంది.
సున్నివా కాగితం తియ్యలేదు.
కోటు జేబులోంచి పాత కవరు తీసి
అరచేతిలోకి వంచింది.
గోరంత తెల్లని రాయి.

"ఇది కాడ్ చేప చెవిలోది.
ఎనభై నాలుగులో ఎవరో పట్టి దాచారు.
ఏడాదికో వలయం.
వేసవైతే వెడల్పు, చలికాలమైతే సన్నం.
తొమ్మిదేళ్లు బతికింది.
ఈ నాలుగోది చూడండి, నొక్కుకుపోయింది.
ఆ ఏడాది దానికి తిండి దొరకలేదు...
సుమారుగా."

కొట్టేసిన మాట
దానంతటదే లేచొచ్చి కూర్చుంది.

బోర్గిల్ సూదులు ఆగాయి.
"ఏ ఏడాది?"
"డెబ్బై తొమ్మిది. సుమారుగా."
"మేం పడవ అమ్మేసింది అప్పుడే" అంది ఆవిడ.
"సుమారుగా కాదు. ఆ ఏడాదే."

ఇంజిను చప్పుడు కాసేపు
ముగ్గురి మధ్యా కూర్చుంది.

"చెవి అంటున్నావు,
మా పడవ చప్పుడు వాటికి వినిపించేదా?"

సున్నివా నా వైపు చూసింది.
నేను సముద్రం వైపు చూశాను.

"వినిపించేదే.
అది వాటినేం చేసేదో నాకు తెలీదు.
తెలిసినవాళ్లని అడిగి చెబుతాను."
"అడుగు. నా నంబరు రాసుకో.
పొద్దున్నే చెయ్యి, మధ్యాహ్నం నిద్రపోతాను."

'తెలీదు' అన్న మాట
నేను ఏ పాఠంలోనూ పెట్టలేదు.
రేడియోలో దానికి చోటుండేది కాదు.

ఒడ్డు తగిలింది. గొలుసులు మోగాయి.
దిగబోతూ బోర్గిల్
రాయిని ఒక ఊలు ముక్కలో చుట్టి ఇచ్చింది,
ఇన్నేళ్ల తర్వాత
దానికి చలేస్తుందేమోనన్నట్టు.

తిరుగు ప్రయాణంలో ఎస్కిల్
లారీల వరస వెంట తిరుగుతున్నాడు,
ఒక్కో అద్దంలోకి తొంగిచూస్తూ.
"ఈసారి దారి దగ్గర మొదలెడతాను" అన్నాడు.
సరే అన్నాను.
వాఫుల్ డబ్బులు నేనే ఇచ్చాను,
రెండింటికి.