మంచె ఎక్కే ముందు

ఆగండి వర్మగారూ,
నిచ్చెన మీద కాలెయ్యకండి అప్పుడే.
మూడో మెట్టు పుచ్చిపోయింది,
దాన్ని దాటి నాలుగోదాని మీద వెయ్యాలి.
ఆ సంగతి మీ కాగితంలో రాయలేదు కదా.

కాగితం చూశానండి.
ఫారెస్టోళ్ళ ముద్ర ఉంది, పంచాయతీ సంతకం ఉంది,
కాకినాడలో మేడ మీదున్న కామందు
ఫోన్లో సరేనన్నాడని కూడా ఉంది.
ఈ లంకలో రెండెకరాలు మొక్కజొన్న వేసి
అరెకరం కంద పెట్టి
పందుల కోసం రాత్రిళ్ళు సత్తుపళ్ళెం వాయించే
సువార్తమ్మ పేరే లేదు.
అడగలేదని కోపం కాదండీ.
అడగనోడికి దారి తెలీదు,
దారి తెలీనోడు కంద మొక్క తొక్కుతాడు,
అంతే.

ఈ మంచె కట్టింది మా ఏసుపాదం.
నాలుగు సరుగుడు గుంజలు పడవలో తెచ్చి
కొబ్బరితాడు నానబెట్టి బిగించి
పైన తాటాకు కప్పాడు.
కట్టినోడే పడ్డాడు.
తుపాకీ కాదు, పంది కాదు,
కునుకు.
తెల్లారగట్ల మూడింటికి ఒక్క కునుకు.
ఆ చప్పుడు విని నేను
అరటిగెల విరిగిందనుకున్నాను.
తెల్లారి చూద్దాంలెమ్మని
అటు తిరిగి పడుకున్నాను కూడా.
ఇప్పుడు ఏటిగట్టు మీద ఆయన నడుస్తుంటే
చేతికర్ర టకటక
ఊళ్ళో అందరికంటే నాకే ముందు వినపడతాది.

అందుకే ఈ తాడు.
ఒక కొస నడుముకి, రెండోది గుంజకి.
దూడని కట్టేసినట్టుందని నవ్వకండి,
కట్టేసిన దూడ తెల్లారేదాకా ఉంటాది.
తుపాకీ ఖాళీ చేసి కింద పెట్టండి.
మీరు కుదురుగా కూర్చున్నాక
బావిలో బిందె తోడినట్టు పైకి లాక్కోండి,
గొట్టం నేలనే చూస్తుండాలి.
తూటాలెన్ని? అయిదా?
సరే, నేనూ లెక్కపెట్టుకున్నాను.

పడమటేపు రెల్లు కనపడుతుందా,
వైనతేయ ఈదుకుంటూ మూతులు పైకెత్తుకుని
అక్కడ దిగుతాయి.
అటు కొట్టండి.
వెనకాల ఇసుకతిన్నె ఉంది, తూటాని మింగేస్తాది.
తూర్పుకి మాత్రం వద్దు.
చేను కదిలినా వద్దు, గురక వినపడినా వద్దు.
పోలారావు వలలు తియ్యడానికి వచ్చే దారి అది.
లైటు వెయ్యడు, చేపలు బెదురుతాయంటాడు.
ఒక్కోసారి వంగి నడుస్తాడు, అచ్చం పందిలాగే.
వాడికి చెవుడు కూడా.

చప్పుడుకి కొట్టకండి బాబూ.
చప్పుడు సంగతి నాకు తెలుసు.
అరటిగెల అనుకున్నదాన్ని నేను.

*

ఆ రాత్రి గుడిసెలో రెప్ప వెయ్యలేదు.
ఒంటిగంటకి అవతలి ఒడ్డున కుక్క మొరిగింది.
రెండు దాటాక చేను గలగలమంది,
తూర్పున.
మంచె మీద లైటు వెలిగింది, ఆరింది,
మళ్ళీ వెలిగింది.
"ఎవరది?"
జవాబు లేదు.
"ఎవరదీ?"
వర్మగారి గొంతు వణకడం ఇక్కడికి వినపడింది.
దుప్పటి కొస పళ్ళ మధ్య పెట్టుకుని
తుపాకీ పేలుతుందని
ఎంతసేపు ఎదురుచూశానో.

పేలలేదు.

పొగమంచులో దిగి వచ్చారు,
మూడో మెట్టు దాటి, జాగ్రత్తగా.
అయిదు తూటాలు నా అరచేతిలో పోసి చూపించి
మళ్ళీ తీసుకున్నారు.
కంద మడిలోకి దిగకుండా గట్టు చుట్టూ తిరిగి
ముళ్ళతడిక వేసి వచ్చారు,
ఎవరూ చెప్పకుండానే.

తూర్పున చూస్తే
అయిదు సాళ్ళు నేలమట్టం.
బురదలో పంది అడుగులు,
వాటి పక్కన చిన్న చిన్నవి, పిల్లలవి.
మనిషి జాడే లేదు.
"కొట్టుంటే దొరికేదమ్మా" అన్నారు తల దించుకుని.
"దొరికేదండీ" అన్నాను.

అయిదు సాళ్ళు.
పోయిన వరదకి గోదారి
మా అరెకరం కోసుకుపోయింది,
కామందునీ అడగలేదు, నన్నూ అడగలేదు.

తుపాకీ సంచిలో పెట్టి రేవు దాకా వెళ్ళి
వెనక్కొచ్చారాయన.
"ఇవాళ రాత్రి కూడా రావచ్చా అమ్మా?"

నన్నే అడిగారు.

"చీకటి పడకముందే రండి" అన్నాను,
"మూడో మెట్టు మార్చి ఉంచుతాను."