ఇరవై బళ్లు

ఆన్‌ఫిన్ రైస్తాద్‌ని మూడు టోపీల్లో చూశాను నేను.
మొదటిది గడ్డిది, అంచు చిరిగి చెమట చార కట్టింది.
రెండోది విత్తనాల కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చింది.
మూడోది బూడిద రంగు ఫెల్టు టోపీ,
తల మీదకన్నా మోకాలి మీదే ఎక్కువ ఉండేది.

ఉత్తర డకోటాలో గాలికి ఆదివారం లేదు.
ఆ ఏడు అవిసె పూస్తే
నూట అరవై ఎకరాలూ చెరువు నిండినట్టు నీలం.
గింజ రాలాక, పదకొండు మైళ్లు బండి తోలుకుని
రైలు పట్టాల పక్క ధాన్యం గోదాం దగ్గరికి వచ్చాడు.
కాటా ముల్లు ఆగకముందే గుమాస్తా అంకె రాసేశాడు.
"ఇంకోసారి తూచు."
"వెనక ఇరవై బళ్లున్నాయి."
ఆ గుమాస్తాని నేనే.

పద్నాలుగేళ్లకి ఆ గోదాం ఆయనే కొన్నాడు.
బొగ్గు, ముళ్లతీగ, మేకుల పీపాలు,
కాటా,
కాటాతో పాటు నన్నూ.
తీసేస్తాడనుకున్నాను.
"పొయ్యిలో బొగ్గు వెయ్యి, చలిగా ఉంది" అన్నాడు.

ధర్మాత్ముడని చెప్పను.
మిడతలు పార పిడిని కూడా నమిలిన ఏడు
బాకీ కింద స్కోగెన్ గారి వితంతువు దూడని తోలుకొచ్చాడు.
ఇంగెబోర్గ్ మూడు రోజులు మొగుడితో మాట్లాడలేదు.
నాలుగో రోజు పొద్దున దూడ దాని కొట్టంలోనే ఉంది.
ఎవరు తోలారని ఊళ్లో ఎవరూ అడగలేదు.

ఓట్లడగడానికి వెళ్లి
ఎవరిదో కోతయంత్రం కొక్కెం బాగుచేసి
వెళ్లిన పని మరిచి ఇంటికొచ్చేవాడు.
తొంభై ఒక్క ఓట్లతో నెగ్గాడు.

బిస్మార్క్‌లో శాసనసభ చలికాలమే కూడుతుంది,
చేలన్నీ మంచు కింద పడుకున్నాక.
వెనక వరసలో, టోపీ మోకాలి మీద పెట్టుకుని
ఒక సమావేశమంతా నోరు విప్పలేదు.
రెండోసారి ఒకే ఒక్క బిల్లు పెట్టాడు:
రాష్ట్రంలో ప్రతి కాటానీ సర్కారు మనిషి పరీక్షించాలని.
"సభ్యుడికీ ఒక కాటా ఉందనుకుంటా!" ఎవరో నవ్వారు.
"ఉంది. దాంతోనే మొదలెట్టండి."

ఏప్రిల్ బురదలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు, ఇనప తూకంరాళ్లతో.
వెయ్యి పౌన్లకి నాలుగు పౌన్లు తక్కువ.
తుప్పు, అన్నాను నేను.
తుప్పే కావచ్చు.
ఆయన నా వంక చూసి, పాత లెక్కల పుస్తకాలు దింపమన్నాడు.

పదకొండు రాత్రులు దీపం ముందు కూడికలు.
వాగు వైపు చెక్క అమ్మి అందరికీ చెక్కులు పంపాడు.
కొన్ని వెనక్కొచ్చాయి,
ఆరెగన్ వెళ్లిపోయినవాళ్లవి,
మట్టిలో కలిసినవాళ్లవి.

మళ్లీ ఎన్నికలొస్తే ఓడిపోయాడు.
దొంగ కాటా మనిషన్నారు.
చెక్కు మార్చుకున్నవాళ్లూ అన్నారు.

పోయాక ఆ బూడిద టోపీ ఇంగెబోర్గ్ నాకిచ్చింది.
నాకు వదులు, కళ్ల మీదకి జారుతుంది.
ముల్లు ఇంకా ఊగుతుండగానే నేను అంకె వేసిన ఆ పొద్దు గురించి
బతికినన్నాళ్లూ ఆయన ఒక్క మాట అడగలేదు.
అడిగుంటే చెప్పేవాణ్ణి:
అప్పుడు వెనక ఇరవై బళ్లు లేవు.
ఏడే.