చీమ దారిన చీమ

వల్పరైసోలో మా కొండకి
ఇనుప తాడుకి కట్టిన రెండు పెట్టెలు.
ఒకటెక్కితే ఒకటి దిగుతుంది.
నడిమధ్య ఒక్క క్షణం ఎదురుపడి
పలకరించుకోకుండానే పోతాయి.
ముప్పై ఒక్కేళ్ళుగా మీట నా చేతిలో ఉంది.
గేటు తిరిగినప్పుడల్లా అంకె పడే టక్కు
నిద్రలోనూ వినిపిస్తుంది.

అంకెలంటే నాకు భయం ఉండేది కాదు.

నలభై తొమ్మిదో ఏట, జనవరి ఎండలో,
రెండు గ్లాసుల నీళ్ళు తాగి
మూడోదానికి చెయ్యి చాచి ఆగిపోయాను.
ఇంత దాహమేమిటి?
ఆ రాత్రి రెండుసార్లు లేచాను.
లేచినందుకు భయపడ్డానో
భయపడ్డందుకు లేచానో
ఇప్పటికీ తేల్చుకోలేను.

మర్నాడే మిషను కొన్నాను.
వేలి కొసన ఆవగింజంత నెత్తురు.
తొంభై రెండు. ఎనభై ఎనిమిది. తొంభై ఏడు.
తొంభై ఏడా!
దిగిందంటే మళ్ళీ ఎక్కడానికే,
మా పెట్టెకి తెలియదా ఆ సంగతి.

రొట్టె మానేశాను. ద్రాక్ష మానేశాను.
కూతురి పెళ్ళి కేకుని రుమాల్లో చుట్టి
సాయంత్రం రేవు పక్షులకి విసిరేశాను.
అప్పిచ్చినవాడిలా రోజూ
పాదాల వేళ్ళు లెక్కపెట్టుకునేవాణ్ణి.
మరుగుదొడ్డి గచ్చు మీద మోకాళ్ళూని
చీమల కోసం వెతికేవాణ్ణి.
ఒకరోజు ఒక్కటి కనిపించింది.
దాని వెనకాలే పాక్కుంటూ పోయాను.
అది గడప దాటి, గోడెక్కి,
కిటికీలో చచ్చిన ఈగ దగ్గరికి చేరింది.
నమ్మలేదు.
మళ్ళీ గుచ్చుకున్నాను.

"నీ చెయ్యి గరుకు కాగితం" అంది ఒదిలా,
చెంప పక్కకి తీసుకుని.

ఆరోగ్య కేంద్రంలో నర్సు ఇసోలినా
నా నోటుపుస్తకం ఆసాంతం తిరగేసింది.
పద్నాలుగు నెలలు, రెండు వేల చిల్లర అంకెలు.
"ఇందులో జబ్బు లేదు. నిద్రలేని మనిషున్నాడు.
ఎవరి కాలికి మీరు కాపలా?"

ఎవరూ అడగలేదు అంతకుముందు.

బల్తసార్ మామ. రేవులో మూటలు మోసినవాడు.
కాలి పుండుని తొమ్మిది నెలలు మేజోడులో దాచినవాడు.
ఆ ఏడు పెట్టెలు మరమ్మతులో ఉన్నాయి.
నలుగురు కుర్చీలో కూర్చోబెట్టి
నూట అరవై మెట్లు దింపారు మామని.
వెనకాల నేను, పదకొండేళ్ళవాణ్ణి,
రెండు బూట్లూ మోస్తూ.
తిరిగొచ్చేటప్పుడు ఒకటే కావలసొచ్చింది.
రెండోదాన్ని ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు.
మంచం కింద దాచాను.
"వీడిది అచ్చం మామ నడకే" అని
అమ్మ మురిసిపోయేది.

ఇసోలినా ఓదార్చలేదు.
"మీ మామ రక్తం మీలో ఉంది, కాదనను.
ఏడాదికోసారి పరగడుపున రండి, నేను గుచ్చుతాను.
రొట్టె తినండి. కొండెక్కండి.
మిగతా రోజుల్లో వేలు మీది."

మిషను ఆమె బల్ల మీదే వదిలేశాను.
మెట్లన్నీ దిగాక, తిరిగి పరిగెత్తాను.
తలుపు మూసేసింది.

ఆ రాత్రి గడిచింది అంటే అబద్ధం.
ఒక్కో గంటనీ నేనే తోశాను.

ఆదివారం బజారులో ఎండుపీచు, ఉడికిన గోధుమలు,
గ్లాసు నిండా చల్లటి పాకం.
సగం తాగాను. పండు తిన్నాను.
గింజని చాలాసేపు బుగ్గన పెట్టుకున్నాను.
గుండె డోలు వాయించింది.
"ఇది భయం" అన్నాను పైకే.
పేరు పెట్టగానే అదేం పారిపోలేదు.
పక్కనే బెంచీ మీద కూర్చుంది.
ఎండ తగ్గేదాకా ముగ్గురం కూర్చున్నాం,
నేనూ అదీ ఒదిలా.

ఏడాది తిరిగింది. ఇసోలినా గుచ్చింది.
అంకె చెప్పబోతే,
"బాగుంటే బాగుందనండి, చాలు" అన్నాను.
బాగుందంది.

మామ బూటు ఇల్లంతా వెతికాను. దొరకలేదు.

నిన్న దాహమేసింది. తాగాను.
మళ్ళీ వేసింది. మళ్ళీ తాగాను.
గ్లాసు అంచున ఒక చీమ.
దాన్ని దాని దారిన పోనిచ్చి
మీట లాగాను.