బోర్డు మీద రాయడానికి అడిగిన వివరాలు

మ్యూజియం నుంచి వచ్చిన కుర్రాడు
కాగితం మీద గళ్లు గీసుకుని కూర్చున్నాడు.
పొడవు, వెడల్పు, ఇంజను, ఎన్ని పందేలు, ఎన్ని గెలుపులు.
కాఫీ చల్లారిపోతోంది, తాగు బాబూ.
చెప్తాను.

పొడవు మూడు మీటర్ల అరవై.
మా నాన్న ఓట్‌మార్ దాన్ని కాగితం మీద గీయలేదు,
అంత కాగితం త్స్విక్కావు మొత్తం వెతికినా దొరికేది కాదప్పుడు.
రొట్టెల బట్టీ వెనక, సిమెంటు నేల మీద
సుద్దముక్కతో నిండు బొమ్మ వేశాడు.
పిండి బస్తాలు మోసేవాళ్లు తొక్కి ముందు చక్రం చెరిపేస్తే
రాత్రి మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ వేసేవాడు.
వేసిన ప్రతిసారీ ఓ వేలెడు వెనక్కి జరిగేది.
ఆ కారు మలుపుల్లో మాట వినేదంటే
అందులో ఆ కాళ్ల పుణ్యం కొంత ఉంది.

ఇంజను మూడు సిలిండర్లు, రెండు స్ట్రోకులు,
తుక్కులో పడేసిన అంబులెన్సుది.
ఎంతమందిని ఆస్పత్రికి చేర్చిందో,
మా దగ్గరికొచ్చాక ఒక్కడినే మోసింది.
పెట్రోల్లో ఆముదం కలిపి పోస్తే
వెనకంతా నీలం పొగ.
పక్క వీధి పాస్టరు గారి భార్య
కిటికీలు ధడేలున మూసేది.

వెడల్పంటే జీగ్‌బెర్ట్ నడుమే.
ఇరవై మూడేళ్లప్పుడు బస్తా మీద కూర్చోబెట్టి కొలిచాడు నాన్న.
ముప్పై నాలుగు సెంటీమీటర్లు.
గొట్టాలు వెల్డింగ్ అయిపోయాయి.
తర్వాత జీగ్‌బెర్ట్‌కి పెళ్లయింది.
ఏటా మంచు కరగగానే
వేడి వేడి రొట్టెల మధ్య నిలబడి
ఉపవాసం చేసేవాడు పాపం.

గాలి ఒంటి మీంచి ఎలా పోతుందో చూడాలి కదా.
గాలి సొరంగాలు విమానాల వాళ్లకుంటాయి.
మాకు నా కుడిచేతి ఎర్ర తొడుగు ఉంది.
నాన్న దాన్ని విప్పి, ఊలు బెత్తెడేసి తెంపి
కారు ఒళ్లంతా అంటించాడు.
ఫిబ్రవరి. మూసేసిన రోడ్డు. పక్క బండిలోంచి ఫొటోలు.
ముక్కు మీది పోగులు బుద్ధిగా పడుకున్నాయి.
జీగ్‌బెర్ట్ తల వెనకవి మాత్రం
పూనకం వచ్చినట్టు ఊగాయి.
అందుకే ఆ మూపురం. ఇందాక అందంగా ఉందన్నావే, అదే.

పందేలు ముప్పై ఒకటి.
చివరిదాకా వెళ్లినవి పదకొండు.
మిగతా గళ్లలో నా చేతిరాత చూడు,
పిస్టన్ కరిగింది. గేరు ఇరుక్కుంది. పిస్టన్. పిస్టన్.
కుందేలు అడ్డొచ్చింది.
పిస్టన్.
ఒక్క మూడో స్థానం, అదీ జోరువానలో.
ముందున్న నలుగురు ఒకే మలుపులో గడ్డిలోకి జారితే
మావాడు తలుపు సందులోంచి పిల్లిలా బయటికొచ్చాడు.
కప్పు ఇచ్చిన అధికారిది ఆముదం తాగిన మొహం,
ఆ నాలుగూ ఆయన ఫ్యాక్టరీ కార్లే మరి.

గెలుపులా? సున్నా. గుండ్రంగా పెట్టు.

ఇక మిగిలింది, చుట్టుకి పట్టిన అతి తక్కువ సమయం.
ఊళ్లో ఎవరినడిగినా ఠక్కున చెప్తారు,
ఒక నిమిషం ముప్పై ఎనిమిది సెకన్లు.
ఫ్యాక్టరీ వాళ్లకి కూడా చేతకానిది.
నాన్న పోయినప్పుడు జీగ్‌బెర్ట్
ప్రార్థన బదులు ఆ అంకె పలికాడు.

ఎవరూ చూడని ప్రాక్టీసు అది.
స్టాప్‌వాచ్ పట్టుకున్నది పదకొండేళ్ల నేను.
అదే ఫిబ్రవరి, కుడిచేతికి తొడుగు లేదు.
బొటనవేలు కట్టెలా బిగుసుకుపోయింది.
కారింకా మలుపులోనే ఉంది.
నొక్కేశాను.
నేనే నొక్కానో, వేలే నొక్కిందో.
నాన్న పరుగున వచ్చి, గడియారం చూసి
మంచులో కూలబడి ఏడ్చాడు.
ఆ ఏడుపు ముందు నోరెలా పెగులుతుంది?

ఆదివారం జీగ్‌బెర్ట్ వస్తాడు మీ బోర్డు చూడ్డానికి.
ఎనభై నిండాయి.
ఇప్పుడతన్ని అందులో కూర్చోబెట్టాలంటే
కారునే కొయ్యాలి.

పెన్ను ఇలా ఇవ్వు.
ఆ గడి సంగతి తర్వాత.
రంగు దగ్గర వెండి అని రాశావు, తప్పు.
మొదట్లో అది ఎర్రగా ఉండేది,
ఒళ్లంతా ఊలుతో.